బొడ్డు దగ్గర గేజి రీడింగు

కార్తీక మాసం, మూడో ఆదివారం. స్థలం: రామచంద్రపురం అవతల, కాలువగట్టు పక్కన కొబ్బరితోట. సమయం: ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. ఎండ ఓ మోస్తరు. గాలి లేదు.

హాజరైనవారు: నా భార్య మంగతాయారు. మా పెద్దమ్మాయి కూతురు లాస్య, వయసు పదహారు. నా బావమరిది సత్తిబాబు, వనభోజనాల కమిటీకి తనను తానే నియమించుకున్న అధ్యక్షుడు. రిటైరైన కాంపౌండరు సూర్నారాయణ గారు. బంధువులూ స్నేహితులూ కలిపి మరో డెబ్బై అయిదుగురు. ఈత చాపల మీద చల్లారడానికి ఆరబోసిన పులిహోర, ఎనభై మందికి సరిపడా. చొక్కా లేకుండా, ఒంటినిండా కొబ్బరినూనెతో, నేను.

పై జాబితాలో ఆఖరి రెండు అంశాలూ పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి ఒకటైపోయాయి. ఎలా ఒకటయ్యాయో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నవ్వుకోండి, అడ్డులేదు. ఆ రోజు డెబ్బై తొమ్మిది మంది నవ్వేశారు కాబట్టి మీరు కొత్తగా చేసే నష్టం ఏమీ లేదు.

నేను ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ముప్పై ఏడేళ్ళు కాలువ లాకుల మీదే గడిచిపోయింది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ డైరీ రాస్తున్నాను. ఏడాదికొకటి చొప్పున నలభై ఆరు డైరీలు బీరువాలో ఉన్నాయి. వాటిలో నలభై అయిదు డైరీలు ఎవరు అడిగినా ధైర్యంగా చేతికిస్తాను. మూడేళ్ళ కిందటిది మాత్రం చీరల అడుగున దాచాను. అందులో ఉన్న వీర్రాజు, అంటే అప్పటి నేను, వేరే మనిషి. వయసు అరవై ఆరు, తెలివి ఆరు.

సంగతి ఇలా మొదలైంది. మా లాస్య వాళ్ళ నాన్నది ఊరూరూ తిరిగే ఉద్యోగం. ఇంటర్ రెండేళ్ళూ మా దగ్గరుండి చదువుకోమని పిల్లని పంపించారు. వచ్చిన కొత్తల్లో బాగానే తినేది. పొద్దున్నే నాలుగు ఇడ్లీలు, కారప్పొడి, దాని మీద నెయ్యి. ఆర్నెల్లు తిరిగేసరికి నాలుగు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి. వినాయక చవితి నాడు ఒక్క ఉండ్రాయి నోట్లో వేసుకుని "కడుపు నిండిపోయింది అమ్మమ్మా" అని లేచిపోయింది. తర్వాత అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడి, ఊపిరి బిగబట్టి, తన నడుం తనే చూసుకుంటూ ఉంది. సన్నగా వెదురుబద్దలా ఉండే పిల్ల అద్దంలో ఏ లావుని వెతుకుతోందో మాకు అర్థం కాలేదు.

ఆ రాత్రే మా ఆవిడ నా డైరీ మూసేసి ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, అది ఫోన్లో ఎవరెవర్నో చూసి తిండి మానేస్తోంది. మీరు చెప్పండి. మీ మాటైతే వింటుంది."

"ఏమని చెప్పను?"

"తినమని చెప్పండి. దానికి గెజిట్ కావాలా?"

"విషయం పరిశీలించకుండా నోరు విప్పడం నా పద్ధతి కాదు, తాయారూ. ముందు ఆ ఫోన్లో ఏముందో చూడాలి."

అదీ నేను చేసిన తప్పు. పొలంలో నీళ్ళు ఎక్కువయ్యాయని చెబితే, తీసేయడానికి వెళ్ళినవాడు ఎంత లోతుందో చూద్దామని దిగినట్టు దిగాను.

లాస్య సంతోషంగా తను చూసే అదేదో నా ఫోన్లో కూడా పెట్టి ఇచ్చింది. వీధరుగు మీద కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, పక్కన కాగితం పెన్ను పెట్టుకుని చూడటం మొదలుపెట్టాను. మొదటి గంట అంతా అమ్మాయిలే. అన్నం తినకుండా ఆకులు తింటున్నారు. తింటూ నవ్వుతున్నారు. ఆకులు తింటూ అంతలా నవ్వే జీవిని నేను అంతవరకూ చూడలేదు, మా పశువులు కూడా గంభీరంగానే తింటాయి. "ఇదంతా పనికిమాలిన వ్యవహారం" అని కాగితం మీద రాసుకున్నాను.

రెండో గంటకి ఫోను నా సంగతి కనిపెట్టింది. అమ్మాయిలు తప్పుకున్నారు, ఒక తాత వచ్చాడు. తెల్లగడ్డం, నల్లకళ్ళద్దాలు. పొట్ట మీద మా పాత లాకు మెట్లలాగా వరసగా ఆరు పలకలు. వయసు అరవై ఎనిమిది అని కింద రాసి ఉంది. ఆయన వేలు చూపించి, సరిగ్గా నా కళ్ళజోడులోకి చూస్తూ అన్నాడు: "వయసు ఒక సాకు. నీ పొట్ట నీ సోమరితనానికి సర్టిఫికెట్."

నాకు చాలా బాధేసింది. ముప్పై ఏడేళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోనివాణ్ణి. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి, మా అరుగు మీదే నాకు మెమో ఇచ్చి వెళ్ళిపోయాడు.

మూడో రోజు మా ఆవిడ అడిగింది.

"పిల్లకి చెప్పారా?"

"మాట్లాడాను."

"ఏం చెప్పారు?"

"రేపట్నుంచి నాకూ రెండు ఇడ్లీలే వెయ్యి."

ఆవిడ "బావిలో పడ్డ చేదని తియ్యమని గాలం వేస్తే, గాలం కూడా లోపలే ఉండిపోయింది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మీలో లాకుల సంగతి తెలియనివాళ్ళు ఉంటారు కాబట్టి ఒక మాట. లాకు దగ్గర నీళ్ళలో అంకెలు వేసిన కొలబద్ద ఒకటి నిలబెట్టి ఉంటుంది. దాన్ని గేజి అంటాం. రోజూ ఉదయం ఆరుకీ సాయంత్రం ఆరుకీ వెళ్ళి, నీటిమట్టం ఎంతుందో చూసి రిజిస్టర్లో రాయాలి. వాన కురిసినా, జ్వరం వచ్చినా, పెళ్ళయిన మర్నాడైనా రాయాల్సిందే. నేను రాశాను కూడా. మా ఆవిడ ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది.

రిటైరయ్యాక ఉదయం ఆరింటికి చేతులు ఖాళీగా ఉండేవి. ఇప్పుడు పని దొరికింది. మా ఆవిడ కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి, సరిగ్గా బొడ్డు మీదుగా చుట్టి, డైరీలో గడులు గీసి మొదటి రోజు ఇలా రాశాను: "ఉదయం 6.00. బొడ్డు గేజి నలభై ఒకటిన్నర అంగుళాలు. ఇన్‌ఫ్లో: ఇడ్లీ రెండు. రిమార్కులు: వరద ప్రమాదం ఉంది, గట్లు జాగ్రత్త."

ఫోన్లో తాత పద్దెనిమిది గంటలు ఉపవాసం, ఆరు గంటలు భోజనం అన్నాడు. ఇది నాకు కొత్త కాదు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు చాలకపోతే కాలువలకి వంతులవారీగా వదిలేవాళ్ళం. నా నోటికీ వంతు పెట్టాను. మధ్యాహ్నం పన్నెండుకి షట్టరు ఎత్తాలి, సాయంత్రం ఆరుకి దించాలి. గడియారం ఆరు కొడుతుంటే చేతిలో ఉన్న ముద్ద కంచంలో పెట్టేసి లేచేవాణ్ణి. ఒకరోజు ముద్ద నోట్లో ఉండగా ఆరు కొట్టింది. మింగాలా వద్దా అన్న విషయం మీద నాలో నేను అయిదు నిమిషాలు విచారణ జరిపి, షట్టరు దించేటప్పటికే దాటిపోయిన నీటిని వెనక్కి తీసుకోలేం కాబట్టి మింగాను.

తాత చేతుల్లో ఇనుప బరువులు ఉండేవి. మా ఇంట్లో ఇనుపవి లేవు. రుబ్బురోలు పొత్రం ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని రోజూ పెరట్లో యాభైసార్లు ఎత్తేవాణ్ణి.

"ఏవండీ, కందిపచ్చడి రుబ్బాలి, పొత్రం ఏదీ?"

"ఇంకా పన్నెండుసార్లు ఉంది, ఆగు."

"మీరు ఆ చెమట చేతుల్తో ఎత్తిన పొత్రంతో నేను పచ్చడి రుబ్బాలా?"

"కడిగి ఇస్తాను."

"వద్దు లెండి. మిక్సీ ఉంది. ఇన్నాళ్ళూ మిక్సీ పచ్చడి రుచి రాదని నా ప్రాణం తీశారు కదా."

లాస్యకి మాత్రం పండగే. ఇంట్లో తన పార్టీకి ఒక మనిషి దొరికాడు. పక్కన కూర్చుని "తాతయ్యా, గ్రీన్ టీ తాగితే ఆకలి తెలీదు", "తాతయ్యా, ఆకలేసినప్పుడు పళ్ళు తోముకో, తినబుద్ధి కాదు" అని చిట్కాలు చెప్పేది. ఆ రెండు నెలల్లో నేను రోజుకి ఏడుసార్లు పళ్ళు తోముకున్నాను. దీపావళి నాడు కజ్జికాయల పళ్ళెం ఎదురుగా పెట్టుకుని తాతా మనవరాలూ బ్రష్షులు పట్టుకుని నిలబడితే, మా ఆవిడ దీపాలు పెడుతూ పెడుతూ ఆగిపోయి, "భగవంతుడా, ఒక్కళ్ళని అడిగితే ఇద్దర్ని ఇచ్చావా" అంది.

ఇక ఫోటో సంగతి. ఫోన్లో అందరూ 'ముందు', 'తర్వాత' అని రెండు ఫోటోలు పెడతారు. నా 'ముందు' ఫోటో లాస్య తీసింది. బనీను పైకెత్తి, పక్కకి తిరిగి, పొట్ట పూర్తిగా వదిలేసిన భంగిమ. దాన్ని నేను లాస్యకి పంపాలి. కళ్ళజోడు లేకుండా వేలు పెట్టాను. అది మా వనభోజనాల గ్రూపులోకి వెళ్ళింది.

రెండు నిమిషాల్లో సత్తిబాబు దగ్గర్నుంచి వచ్చింది: "బావగారూ, శుభాకాంక్షలు. డాక్టరు గారు ఎన్నో నెలన్నారు?"

ఆ తర్వాత వచ్చినవి ఇక్కడ రాయను. డైరీలో ఉన్నాయి. అప్పటి వీర్రాజు ఏం చేయాలి? నవ్వేసి ఊరుకోవాలి. అతను మాత్రం గ్రూపులో ఇలా రాశాడు: "ఇది ముందు ఫోటో. తర్వాత ఫోటో కార్తీక మాసంలో వనభోజనాల రోజున, అందరి సమక్షంలో తీయబడును. ఇట్లు, కె. వీర్రాజు."

"తీయబడునా?" అన్నాడు సత్తిబాబు ఫోన్లో, నవ్వాపుకోలేక. "బావగారూ, దాని బదులు నాలుగు రోజులు ఊరెళ్ళిపోండి. జనం మర్చిపోతారు."

"మాట ఇచ్చానురా."

"మాటిచ్చింది నోరండీ. పొట్టనెందుకు ఇరికిస్తారు?"

నేను వినలేదు. పైగా లాస్య "అయితే ఆ రోజే నాది కూడా తీసుకుంటా తాతయ్యా" అంది. సరే అన్నాను.

ఇది విన్న మా ఆవిడ ఆ రోజు గొంతు పెంచలేదు. అదే నన్ను భయపెట్టాలి, పెట్టలేదు. "మీ పొట్ట ఏమైపోయినా నాకు పర్వాలేదండి. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, అలవాటైపోయింది. ఆ పిల్ల కాలేజీలో కళ్ళు తిరిగి పడిపోతే దాని తల్లికి నేనేం చెప్పను? వనభోజనాల నాడు అది ఆకు ముందు కూర్చుని కడుపునిండా తినాలి. నేనడిగేది ఆ ఒక్కటే" అంది.

"అంతా లెక్క ప్రకారమే జరుగుతోంది, తాయారూ" అన్నాను.

లెక్క ప్రకారమే జరుగుతోంది మరి. వారం తర్వాత లాస్య బల్ల మీద ఒక నోటుపుస్తకం కనిపించింది. తెరిస్తే నా గడులే. తేదీ, సమయం, గేజి, ఇన్‌ఫ్లో. స్కేలు పెట్టి గీసిన గీతలు, నా పద్ధతిలోనే అంకె కింద అంకె. నడుం ఇరవై ఆరు, ఇరవై అయిదున్నర, ఇరవై అయిదు. ఇన్‌ఫ్లో గడిలో "యాపిల్ సగం" అని ఉంది. మర్నాడు "యాపిల్ పావు".

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చదివేవాళ్ళు కాసేపు నవ్వు ఆపి నన్ను తిట్టుకోవచ్చు. ఎందుకంటే అది చూసి నాకు గర్వం వేసింది. వంశంలో ఒక్కరికైనా నా పద్ధతి వచ్చిందని. "అమ్మలూ, అన్నీ బాగున్నాయి. రిమార్కుల గడి మర్చిపోయావు" అని స్కేలు అడిగి మరీ నేనే గీసిచ్చాను.

వనభోజనాలకి ముందు రోజు నా గేజి ముప్పై ఎనిమిది. కళ్ళు గుంటలు పడ్డాయి, నిక్కరు నిలవడం లేదు, పొట్ట తగ్గి మడతలు పడింది. పలకల జాడ మాత్రం లేదు. ఆరు కాదు కదా, ఒక్క పలక కూడా పైకి రాలేదు. ఫోన్లో తాతని అడిగాను. ఆయన దగ్గర దానికీ సమాధానం ఉంది. ఫోటోకి ముందు ఒక రోజు నీళ్ళు పూర్తిగా మానేస్తే చర్మం బిగిసి పలకలు కనపడతాయట.

అప్పుడైనా నాకు తట్టాలి. ముప్పై ఏడేళ్ళు కాలువ చివరనున్న శివారు భూముల రైతులు "నీళ్ళండీ, నీళ్ళండీ" అని మా ఆఫీసు ముందు కూర్చుంటే, సైకిలేసుకుని గట్లమ్మట తిరిగి వాళ్ళకి నీళ్ళు చేర్చినవాణ్ణి. చేలు ఎండితే ఎలా ఉంటాయో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా శనివారం ఉదయం ఏడింటికి డైరీలో రాశాను: "కాలువ కట్టేయడమైనది."

"నేనూ ఆపెయ్యనా తాతయ్యా?" అంది లాస్య.

"వద్దు. రెండు కాలువలు ఒకేసారి కట్టకూడదు. ముందు నాది చూద్దాం."

నా మొత్తం సర్వీసులో నేను తీసుకున్న మంచి నిర్ణయాలు లెక్కపెడితే, అది కచ్చితంగా మొదటి మూడింట్లో ఉంటుంది.

ఆదివారం. కొబ్బరితోట. ఉసిరిచెట్టు కింద పూజ అయింది. ఒక పక్క పొయ్యిల మీద దప్పళం ఉడుకుతోంది, గారెలు వేగుతున్నాయి, కంద బచ్చలి కూరలో ఆవ కలుపుతున్నారు. మరో పక్క ఈత చాపలు పరిచి, వాటి మీద అరిటాకులు వేసి, పులిహోర ఆరబోశారు. పచ్చగా, పల్లీలతో, కరివేపాకుతో, అంత విశాలమైన పులిహోరని రెండు నెలల ఉపవాసం తర్వాత చూసిన కళ్ళకి అది వైశాఖంలో కోతకొచ్చిన వరిచేనులా కనిపించింది.

మోటారు షెడ్డు వెనక లాస్య నాకు నూనె రాసింది. తర్వాత నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసి, పెదవి విరిచింది.

"తాతయ్యా, లైన్లు కనపట్లేదు."

"మరి ఎలాగ?"

అది తన సంచిలోంచి కాటుక పెన్సిలు తీసింది. పొట్ట మీద అడ్డంగా రెండు గీతలు, నిలువుగా ఒకటి. "వాళ్ళు కూడా ఇంతే చేస్తారు. లైటింగు, నూనె, ఎడిటింగు" అంది.

"ఎవరు?"

"అందరూ. ఆ తాత కూడా. కింద కామెంట్లలో ఎవరో పెట్టారు, ఆయన అసలు ఫోటో."

నేను దాని మొహం వంక చూశాను. ఎండలో చూస్తే బుగ్గలు లేవు. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసి తెలిసి ఎందుకమ్మా మరి?"

అది పెన్సిలు మూత పెడుతూ అంది. "తెలుసు తాతయ్యా. అయినా చూసినప్పుడల్లా అలా లేనే అనిపిస్తుంది."

నాకూ అలాగే అనిపించింది మరి, అరవై ఆరేళ్ళ వయసులో, అరుగు మీద కూర్చుని. ఆ మాటే దానితో చెప్పాల్సింది. ఈలోపు సత్తిబాబు పిలిచాడు.

"రావాలి, రావాలి. బావగారు రావాలి. పిల్లలు పక్కకి జరగండమ్మా."

నేను వెళ్ళి, ఎండ పడేలా పులిహోరకి వీపు పెట్టి నిలబడ్డాను. పొట్ట లోపలికి పీల్చాను. ఊపిరి బిగబట్టాను. లాస్య ఫోను ఎత్తింది.

"ఆగమ్మా ఆగు. నేనూ తీస్తాను, రికార్డుకి ఉండాలి" అన్నాడు సత్తిబాబు. "బావగారూ, కాస్త కుడిపక్కకి. అబ్బే, మీ కుడి కాదండి, నా కుడి. ఇదేంటి, తెర నల్లగా ఉంది?"

"చిన్నతాతయ్యా, ఫోను తిరగేసి పట్టుకున్నావు" అంది లాస్య.

"అలాగా. బావగారూ, వదలకండి, అలాగే ఉండండి. ఆ మధ్య గీత బొడ్డు దగ్గర్నుంచి కారుతోందేంటండీ?"

కాటుక నూనెలో కరిగి కిందికి జారుతోంది. ఆరు పలకలూ కలిసి ఒకే నల్లచెరువు అవుతున్నాయి. జనం నవ్వు మొదలైంది. నేను మాత్రం ఊపిరి వదల్లేదు. మాట ఇచ్చాను కదా. కొబ్బరిచెట్లు ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం మొదలుపెట్టాయి. అవి అలా తిరగకూడదని తెలుస్తూనే ఉంది. చివరిగా వినిపించింది మా ఆవిడ గొంతు: "ఒరేయ్ సత్తిబాబూ, పట్టుకోరా."

ఎవరూ పట్టుకోలేకపోయారు. నూనె రాసి ఉంది కదా. సత్తిబాబు రెండు చేతుల్తోనూ పట్టుకున్నాడట, సబ్బులా జారిపోయానట.

వెల్లకిలా పులిహోరలో పడ్డాను. మెత్తగా ఉంది. కొంచెం వెచ్చగా కూడా ఉంది. స్పృహ వచ్చీ రాగానే నేను చేసిన మొదటి పని నమలడం అని ప్రత్యక్ష సాక్షులు డెబ్బై తొమ్మిది మందీ ఏకగ్రీవంగా చెప్పారు.

"ఉప్పు సరిపోయిందా బావగారూ?" అన్నాడు సత్తిబాబు, పైనుంచి తొంగిచూస్తూ.

కాంపౌండరు సూర్నారాయణ గారు నాడి పట్టుకున్నారు. "నీళ్ళు తాగి ఎంతసేపైందండీ?"

"ఇరవై ఎనిమిది గంటల పన్నెండు నిమిషాలు" అన్నాను. పడిపోయినా లెక్క తప్పను.

"కాలువ కట్టేసినా చేపలకని గుంటల్లో కాసిని నీళ్ళు వదుల్తారు కదండీ, మీరు మరీనూ" అన్నాడాయన, నా నోటికి ఉప్పేసిన మజ్జిగ అందిస్తూ.

అంతవరకూ అది నవ్వుల కార్యక్రమమే. నన్ను లేపడానికి పరిగెత్తుకొచ్చిన లాస్య నా చెయ్యి పట్టుకుని లాగబోయి, తనూ తూలి, పక్కనే నేల మీద కూలబడింది. మొహం పాలిపోయింది. ఆ పొద్దున అది కూడా ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

మా ఆవిడ వచ్చింది. మమ్మల్నిద్దర్నీ చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. రెండు ఆకులు తెచ్చి మా ముందు వేసి, పాడవని వైపు నుంచి పులిహోర తీసి రెంట్లోనూ పెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

లాస్య ఏడుస్తోంది. "నా వల్లే అమ్మమ్మా. తాతయ్యకి ఇదంతా నేనే నేర్పాను."

"ముందు తిను" అంది ఆవిడ.

"నాకు రావట్లేదు అమ్మమ్మా. ముద్ద చూస్తే భయమేస్తోంది."

భయం. ఆ మాటని రెండు నెలలుగా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నేను పులిహోరలోంచి లేచి కూర్చున్నాను. వీపుకి పల్లీలు, తలలో కరివేపాకు, పొట్ట మీద నల్లచెరువు. అంతకంటే పోయే పరువు ఇంకేమీ లేదు కాబట్టి నిజం చెప్పడం తేలికైంది.

"అమ్మలూ, నాకూ అలాగే అనిపించిందే. ఆ తాతని చూసినప్పుడల్లా, అలా లేనే అని. లేకపోతే ఈ వయసులో పొట్టకి కాటుక పెట్టించుకుంటానా?"

అది ఏడుస్తూనే నా పొట్ట వైపు చూసింది. నవ్వు ఆపుకోబోయింది, ఆగలేదు. ముక్కులోంచి వచ్చింది.

"నువ్వొక ముద్ద తిను, నేనొక ముద్ద తింటాను. వంతులవారీ. నీ వంతు అయితేనే నా వంతు. చూస్తున్నావుగా, నేను ఆకలితో చచ్చిపోతున్నాను. నువ్వు ఆపితే నా షట్టరు కూడా మూతే."

"ఇది అన్యాయం తాతయ్యా."

"రూల్సు అంతే."

అది చిన్న ముద్ద తీసుకుంది. చాలాసేపు చేతిలో పట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఎక్కడికక్కడ ఏదో పనున్నట్టు తలలు తిప్పుకున్నారు. గోదావరి జిల్లాల్లో ఒక మనిషి తింటుంటే అంతమంది చూడకుండా ఊరుకోవడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. అది తింది. నేను తిన్నాను. అది తింది. నేను తిన్నాను. పధ్నాలుగు ముద్దలు. లెక్కపెట్టింది నేను కాదు, మా ఆవిడ. కడుపునిండా అని ఆవిడ అడిగింది, అంత కాలేదు. అయినా పధ్నాలుగో ముద్ద అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుని, "పరమాన్నం కలపండర్రా" అని అటు తిరిగి కేక వేసింది.

మిగిలిన జనానికి పులిహోర మళ్ళీ కలిపారు. దాని తాలూకు మాటలు సత్తిబాబు నోటితో ఇప్పటికీ వింటున్నాను. గ్రూపులో నా 'తర్వాత' ఫోటో కూడా పెట్టాడు. కింద రాశాడు: "ముందు: పొట్ట. తర్వాత: పొట్ట, పులిహోరతో."

మర్నాడు, సోమవారం. ఉదయం ఆరింటికి అలవాటు ప్రకారం లేచి సొరుగు తీశాను. టేపు లేదు. పెరట్లోకి వెళితే మా ఆవిడ దాంతో బీరపాదుని పందిరికి కడుతోంది. ముప్పై ఎనిమిదో అంకె దగ్గర ముడి పడింది.

వంటింట్లో లాస్య పెసరట్టు ముందు కూర్చుని ఉంది. ఒకటి తింది. రెండోది తింది. మూడోది సగం తిని కంచం వైపు చూస్తూ ఆగిపోయింది. ఇలాంటివి ఒక్క రోజులో సర్దుకోవని సూర్నారాయణ గారు ముందే చెప్పి, కాకినాడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. ఆ గురువారమే తీసుకెళ్ళాం, ఆ తర్వాత చాలా గురువారాలు కూడా. మిగిలిన సగం అట్టు నేను తిన్నాను. శివారుకి కూడా నీళ్ళు చేరాలి కదా.

తర్వాత అది తన నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"దీన్ని నువ్వే చింపెయ్యి తాతయ్యా."

"రిజిస్టరు చింపకూడదమ్మా, నేరం. ముగింపు రాసి మూసెయ్యాలి. తెరిచినవాళ్ళే మూయాలి."

అది పెన్ను తీసుకుంది. గేజి గడి ఖాళీగా వదిలేసింది. ఇన్‌ఫ్లో గడి ఖాళీగా వదిలేసింది. నేను స్కేలు పెట్టి మరీ గీసిచ్చిన రిమార్కుల గడిలో రాసింది: "కాలువ వదిలారు."

నేను నా డైరీ తెరిచి, ఈ ప్రమాణం రాసి, కింద సంతకం చేశాను: "కె. వీర్రాజు అను నేను, శివారు రైతులకు ముందుగా తెలియపరచకుండా ఇకపై ఏ కాలువనూ కట్టనని, ముక్కూ మొహం తెలియని తాతలు ఇచ్చే మెమోలు స్వీకరించనని, నా బొడ్డు ఏ మట్టంలో ఉన్నా దానికి రీడింగు తీయనని, పచ్చడి రుబ్బే వేళల్లో పొత్రం ముట్టనని, పొయ్యి, పెసరట్టు, మంగతాయారు సాక్షిగా ప్రమాణం చేయుచున్నాను."

సాక్షి సంతకం లాస్య చేసింది. అప్పుడే సత్తిబాబు ఫోను చేశాడు.

"బావగారూ, వచ్చే ఏడాది వనభోజనాలకి కమిటీ మీకో బాధ్యత అప్పగించిందండి."

"ఏంటది?"

"పులిహోరకి కాపలా. ఇరవై అడుగుల దూరం నుంచి. చొక్కా వేసుకుని."